తెరుచుకోని పగడాలు

ప్లోవ్‌దివ్, మంగళవారం

లుబెన్,

మీ అన్నయ్య గుండె ఆపరేషన్ బాగానే జరిగింది. నా దిగులంతా ఆయన పన్నెండేళ్లుగా గాజుతొట్టిలో పెంచుతున్న, పువ్వుల్లా తెరుచుకునే ఆ ప్రాణమున్న పగడాల గురించే. నీళ్లు ఇగిరినప్పుడల్లా నేను ఉప్పునీళ్లే పోశాను. నీళ్లు ఇగిరినా ఉప్పు తొట్టిలోనే మిగిలిపోతుందని నిన్న కొలిచి చూశాకే అర్థమైంది. ఇప్పుడు ఉప్పులేని శుద్ధమైన నీళ్లు కొద్దికొద్దిగా కలుపుతున్నాను. అయినా చాలావరకు తెల్లబడి ముడుచుకుపోయాయి.

ఆస్పత్రిలో ఆయనది రోజూ ఒకటే ప్రశ్న. "తెరుచుకున్నాయా?"

"తెరుచుకున్నాయండీ, మీకోసమే చూస్తున్నాయి."

"అంతా నీ చేతి చలవే!" అని నవ్వుతారు.

శనివారం ఇంటికి పంపిస్తారట. చచ్చినవాటిని నువ్వు మాత్రం ఏం బతికిస్తావు? ఆయన తొట్టి దగ్గరికి నడిచేటప్పుడు నా పక్కన నిలబడడానికైనా రా, నాయనా.

మీ వదిన