‘మధ్యాహ్నపు నీడ’కు నకలు

చండీగఢ్, సెక్టార్ 22

వారసత్వ వస్తువుల రక్షణ కార్యాలయం సూపరింటెండెంట్ బాజ్వా గారికి,
సత్ శ్రీ అకాల్.

నిన్న మీవాళ్లు టెంపో ఆపి పట్టుకెళ్లింది పాత సర్కారు భవనం గోడముక్క కాదండీ. నేను చేసిన కళాఖండం, పేరు ‘మధ్యాహ్నపు నీడ’. మన ఊరి భవనాల కిటికీల నీడలు చూసి, సిమెంటు, తుప్పు చువ్వలు, పోయిన మా అమ్మ చున్నీ పేలిక కలిపి చేశాను. ఇన్నేళ్లకు దొరికిన నా తొలి ప్రదర్శనకు అదే ప్రాణం. బైసాఖీ పండగలోపు ఇప్పించండి.

ఇట్లు,
జస్వీన్ కౌర్

తా.క. వెనకవైపు నా పేరు చెక్కాను. తిప్పి చూడండి.

*

జస్వీన్ పుత్తర్‌కి ఆశీస్సులు.

ఇంత పొందికైన సిమెంటు పని ఈ కాలంవాళ్ల వల్ల కాదని, ఊరు కట్టిన తొలినాటి పెద్దలదేనని మా నిపుణుల సంఘం తేల్చింది. ఒకరకంగా నిన్ను పొగిడినట్టే కదమ్మా. ఇక్కడి పాత కుర్చీలే దొంగచాటుగా విదేశాలకు పోతుంటే గోడముక్కను ఎలా వదులుతాం?

శ్రేయోభిలాషి,
తర్లోచన్ సింగ్ బాజ్వా

తా.క. వెనకాల ఎవరో పేరు గీకారు. అరగదీయించాం.

*

బాజ్వా గారికి,
సత్ శ్రీ అకాల్ అనడానికి కూడా మనసు రావడం లేదు.

కన్నది నేనైతే బారసాల మీరు చేస్తారా? రుజువు కోసం అచ్చం అలాంటిదే మళ్లీ చేసి పంపుతున్నాను. అవే పాళ్లు, అమ్మ చున్నీలో మిగిలిన ఆఖరి ముక్క. పక్కపక్కన పెట్టి చూడండి, చెయ్యి ఒకటేనని మీకే తెలుస్తుంది.

ఇట్లు,
జస్వీన్ కౌర్

తా.క. ఈసారి పేరు ముందువైపే రాశాను.

*

పుత్తర్‌కి ఆశీస్సులు.

పక్కపక్కన పెట్టాం. ఇంత బాగా నకలు తీసేవాళ్లు లేరని సంఘం మెచ్చుకుంది. చిక్కల్లా, వారసత్వ వస్తువుకు నకలు తీయడం నేరం. పైగా నీ పేరు నువ్వే రాసిచ్చావు. రెండోదాన్నీ జప్తు చేయక తప్పలేదు. మొదటిది నాది కాదని ఒక్క ముక్క రాసివ్వు, కేసూ ఉండదు, నీ ప్రదర్శనా ఆగదు. నా కూతురికైనా ఇదే చెబుతాను.

శ్రేయోభిలాషి,
బాజ్వా

తా.క. మొదటిదానికి అంటుకున్న గుడ్డపేలిక పీకించి కడిగించాం. ఇప్పుడు చూడాలి దాని అందం.

*

బాజ్వా గారికి,
సత్ శ్రీ అకాల్.

మొదటిది నాది కాదు. ఎవరి బలవంతమూ లేకుండా రాస్తున్నాను. ఆ పేలిక పీకేశాక అది నిజంగానే నాది కాదు, కాబట్టి అబద్ధం ఆడానన్న బెంగ కూడా లేదు.

ఇట్లు,
జస్వీన్ కౌర్

తా.క. ఆ పేలిక మీ చెత్తబుట్టలో ఇంకా ఉంటే కవర్లో పెట్టి పంపండి. దానికి నకలు తీయడం నావల్ల కాదు.