రెండోసారి వచ్చినవాళ్లకే

అక్కా,

చదువుతోపాటు సేవ కూడా చెయ్యాలని మా కాలేజీవాళ్లు నన్ను ఒకరోజు ఇక్కడి అనాథ పిల్లల ఆశ్రమానికి పంపారు. అక్కడేదో గూడుపుఠాణీ ఉందనిపించింది. పొద్దున పేరడిగితే "బుధవారం" అన్న పిల్ల, భోజనాల వేళకి "కిటికీ" అంది. పక్కవాడు "నేనూ కిటికీనే" అన్నాడు. మిగతావాళ్లంతా కిసుక్కున నవ్వారు. ఆయాని అడిగితే, వినబడనట్టు దుప్పట్లు మడతపెట్టుకుంటూ కూర్చుంది. వీళ్లని ఎక్కణ్ణుంచి ఎత్తుకొచ్చారో, పేర్లు దాచమని ఎవరు నేర్పారోనని నాకు ఒకటే గుబులు. పోలీసులకి చెబుదామనే అనుకున్నాను.

సాయంత్రం చెప్పులేసుకుంటుంటే ఆ పిల్లే వచ్చి, "రెండోసారి వచ్చినవాళ్లకే అసలు పేరు చెప్తాం. ఇంతవరకూ ఆయాకి తప్ప ఇంకెవరికీ తెలీదు" అంది.



వచ్చే ఆదివారం మళ్లీ వెళ్తానని మాటిచ్చాను. కానీ దేశంకాని దేశంలో ఎవర్నీ నమ్మొద్దన్నావుగా, పొద్దున వాళ్లు నా పేరడిగితే, ఎందుకైనా మంచిదని నీ పేరు చెప్పాను. గేటు దాకా వచ్చి అందరూ ఆ పేరుతోనే పిలిచి చేతులూపారు. ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని వెళ్లను, నువ్వే చెప్పు.

ఇంకా నీ పేరుతోనే ఉన్న
నీ చెల్లి