ఉలుకూ పలుకూ లేని తౌనో గారు

మాంతైగష్, మే నెల, మంగళవారం

బంగారు అక్క దియోలిందాకి,

ముందు ఆ రొట్టెల పొయ్యి వదిలేసి ఇవతలికొచ్చి కూర్చో. పిండి చేతులు తుడుచుకో. కూర్చున్నావా? వస్తున్నారే! గురువారం వస్తున్నారు! సార్దీనియా నుంచి ఒకాయన, ఫిన్లండ్ నుంచి ఒకాయన, మన అమ్మ జీవితమంతా ఉన్ని ఉతికిన ఈ మిల్లుకే, నేను ఉన్ని నానబెట్టి ఉతికే తొట్టి చూడ్డానికి వస్తున్నారు. కబురు చదివి నేను పెట్టిన కేకకి జెఫెరీను బాబాయ్ తొట్టిలో కర్ర వదిలేసి పరిగెత్తుకొచ్చాడు. "ఏమ్మాయ్, ఎవరు పోయారు?" అన్నాడు. "పోవడం కాదు బాబాయ్, వస్తున్నారు!" అన్నాను.

నీకు అర్థమయ్యేలా చెప్తాను, విసుక్కోకు. మన కొండల్లో గొర్రెకి ఉన్ని కత్తిరించే కూలి కూడా ఆ ఉన్ని అమ్మితే రావడం లేదు. గుట్టలు పోసి తగలబెడుతున్నారు. సార్దీనియాలోనూ అదే గతి, ఫిన్లండ్‌లోనూ అదే గతి. ఎవరి ఏడుపు వాళ్ళు ఏడవడమెందుకని యూరప్‌లో గొర్రెలున్న ప్రాంతాలన్నీ కలిసి ఒక పరిశోధన కూటమి కట్టాయి. షరతు ఒక్కటే: ఏ కొత్త పద్ధతికైనా కూటమి డబ్బివ్వాలంటే మూడు దేశాల్లోని మూడు ప్రాంతాలు సంతకం పెట్టి చేయి కలపాలి. ఇద్దరైతే కుదరదు. నా పద్ధతి నీకు తెలిసిందే. సబ్బు లేదు, మందు లేదు. గొర్రె చెమటలోని ఉప్పే సబ్బు. ఒకసారి ఉన్ని నానిన నీళ్ళే మళ్ళీ మళ్ళీ ఉన్నిని ఉతుకుతాయి. కంపు కొడతాయి, నిజమే, నవ్వకు! కానీ మన గొర్రె జిడ్డు వేరు, చలిదేశపు గొర్రె జిడ్డు వేరు. అందరి ఉన్నీ ఉతికి చూపిస్తేనే అది పద్ధతి అవుతుంది, లేకపోతే నా ఒక్కదాని పిచ్చి.

ఇంకొకటి, నీకు ఇన్నాళ్ళూ చెప్పలేదు. ఈ కూటమి పని కుదరకపోతే వేసవిలోనే మిల్లు మూసేస్తారట. తాళం తెచ్చి నా చేతికే ఇస్తారట, వెయ్యమని. అందుకే చెప్తున్నా, "మాటలు తగ్గించవే, నీ నోరే నీకు శత్రువు" అని నువ్వెంత రాసినా సరే, గురువారం ఈ నోరే మిల్లుని కాపాడాలి.

కాలు నిలవని నీ వాగుడుకాయ,
అల్దీనా

మాంతైగష్, శుక్రవారం

అక్కా,

నీ మేడమీద గది ఖాళీగా ఉంది, ఎప్పుడైనా రా అన్నావు కదా. వస్తున్నాను. రొట్టెలు అమ్మడం నేర్పు.

సార్దీనియా నుంచి వచ్చిన ఎఫీసియో మంచి మనిషి. ముక్కు మూసుకుని తొట్టిలోకి తొంగిచూసి, "అమ్మా అల్దీనా, ఇది కంపు కాదమ్మా, బంగారం!" అని వీధంతా వినబడేలా అరిచి నన్ను వాటేసుకున్నాడు. భోజనాల బల్ల మీదే సంతకం పెట్టేశాడు, చీజ్ మరక కూడా పడింది. రెండోవాడున్నాడే, ఫిన్లండ్‌లోని కైనూ ప్రాంతం నుంచి వచ్చిన ఆ తౌనో గారు! మేకమాంసం తిన్నాడు, మన కొండ చీజ్ తిన్నాడు, బెల్లం కొట్టిన రాయిలా కూర్చున్నాడు. మా ముగ్గురికీ సమంగా రాని ఇంగ్లీషులో నేను గొంతు ఎండిపోయేలా చెప్పాను. తొట్టి చెప్పాను, నీళ్ళు చెప్పాను, చివరికి అమ్మ చేతుల గురించి కూడా చెప్పాను. ఆయన ఊరుకున్నకొద్దీ నేను ఇంకా వాగాను. ఆఖరికి "ఎవరికైనా అభ్యంతరముంటే ఇప్పుడే చెప్పండి" అన్నాను. ఉలుకూ లేదు, పలుకూ లేదు. రోజు మొత్తంలో ఆయన నోట్లోంచి వచ్చింది ఒకే ఒక్క మాట. "కాఫీ."

నచ్చలేదని మొహం మీద చెప్పలేక ఊరుకున్నాడు, అంతే. సంతకం కాగితం ఆయన ముందు పెట్టడానికి నాకు మొహం చెల్లలేదు. మడిచి జేబులో పెట్టుకున్నాను. ఐనా మన అలవాటు ఎక్కడికి పోతుంది! బస్సు దగ్గర నవ్వు మొహం పెట్టి, "మళ్ళీ ఎప్పుడైనా రండి, మీ ఉన్ని కూడా పట్టుకురండి, మా తలుపు తీసే ఉంటుంది" అన్నాను. దారిన పోయే దానయ్యకైనా మనం అనే మాటే కదా. ఆయన తలాడించి బస్సెక్కాడు.

ఆయనకే ఉత్తరం రాసి అడగమంటాడు బాబాయ్. ఇంకా వాగాలా? చిన్నప్పటినుంచీ నువ్వు నా నోటి గురించి అంటుంటే నవ్వేసేదాన్ని. నిన్న ఆయన మౌనం ముందు కూర్చుంటే మొదటిసారి అది నొప్పి పెట్టింది అక్కా. నువ్వన్నదే నిజమనిపించింది. అమ్మ మిల్లుని నా నోరే ముంచేసింది.

నీ చెల్లెలు,
అల్దీనా

మాంతైగష్, జూన్, గురువారం

అక్కా! అక్కా! అక్కా!

గది సర్దకు! సర్దేశావా? సర్దితే సర్దావులే, చివర్న చెప్తాను.

మిల్లు ఎలాగూ మూతపడుతుందని సోమవారం తొట్టి ఖాళీ చేయించాను. అడుగు కనబడేసరికి నాకు ఏడుపు ఆగలేదు. బాబాయ్ చీపురు పట్టుకుని నా వైపు చూడకుండా ఊడుస్తున్నాడు. అంతలో బయట హారన్. వెళ్ళి చూద్దును కదా, ఇంత పొడుగు లారీ వెనక్కి వెనక్కి వస్తూ మన తలుపుకి ఆనుకుని ఆగింది. దిగింది ఎవరనుకున్నావ్? తౌనో గారు! కైనూ నుంచి తనే నడుపుకుంటూ వచ్చాడు, వెనకాల నిండా మూటలు!

"తౌనో గారూ, ఏమిటిది?"

"ఉన్ని."

"అది కనబడుతోందండీ! ఎందుకు తెచ్చారు?"

"మీరు తెమ్మన్నారు" అన్నాడు. "తలుపు తీసే ఉంటుందన్నారు. తీసే ఉంది."

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. "మీకు నచ్చలేదనుకున్నాను! ఆ రోజు ఒక్క మాటైనా అన్నారా?" అని అరిచేశాను. ఆయన టోపీ తీశాడు, తీరిగ్గా ఆలోచించాడు. ఆ మనిషికి ఆలోచించడానికే ఒక పూట కావాలి.

"అభ్యంతరముంటే చెప్పమన్నారు. నాకు లేదు."

"నచ్చితే నచ్చిందని చెప్పకూడదా?"

"మీరు చెప్తున్నారు కదా. అంత బాగా చెప్తుంటే మధ్యలో మాట్లాడతారా ఎవరైనా?"

అక్కా, ఆ మాట ఇంకోసారి చదువు. అంత బాగా చెప్తుంటే!

"మరి సంతకం?" అన్నాను.

"కాగితం పెడతారని చూశాను. పెట్టలేదు. ఉన్ని ఉతికాకే సంతకం మీ పద్ధతేమో అనుకున్నాను."

మౌనం అర్ధాంగీకారం అని మనమూ అంటాం కానీ నమ్మం. వాళ్ళ ఊళ్ళో అది పూర్తి అంగీకారమే! మరి వెనక్కి తిరిగితే తొట్టి ఎండిపోయి ఉంది. ఏడాది పాటు మురగబెట్టిన నీళ్ళు, నా చేత్తో నేనే పారబోయించాను. బాబాయ్ మెల్లగా దగ్గాడు. "అమ్మాయ్, తిట్టనంటే చెప్తా. నా బంగాళాదుంపలకి బలమని, నీళ్ళన్నీ పాత ద్రాక్షసారా పీపాల్లోకి పట్టేశాను." తిట్టడమా! ఆ బట్టతల మీద ముద్దు పెట్టేశాను. కంపు కొట్టింది, ఐనా పెట్టాను.

పీపాలు దొర్లించాం, తొట్టి నింపాం, మూటలు విప్పాం. ఇవాళ పొద్దున తీశాం. బురదరంగులో మునిగిన ఉన్ని మంచులా తేలింది అక్కా! సబ్బు చుక్క లేకుండా! తౌనో గారు ఒక పీచు తీసి, వెలుతురులో పట్టుకుని అలాగే నిలబడ్డాడు. మాట లేదు. ఈసారి నాకు భయం వెయ్యలేదు. నేనూ ఆయన పక్కన నిలబడి నోరు మూసుకున్నాను. నమ్ముతావా? నీ చెల్లెలు నోరు మూసుకుంది. కాసేపటికి ఆయనే నా జేబులోంచి కనబడుతున్న కాగితం వైపు వేలు చూపించి, "కలం?" అన్నాడు. మూడో సంతకం పడింది. మిల్లు ఉంటుంది, అమ్మ మిల్లు ఉంటుంది.

ఇక గది సంగతి. "మా అక్క ఎప్పుడైనా రమ్మంటుంది" అని మాటవరసకి తౌనో గారితో అన్నాను. "ఆదివారం" అన్నాడు, జేబులోంచి లారీ తాళంచెవి తీసి చూపించాడు. నువ్వు మనసారా అన్నావో, ఊరికే అన్నావో నాకు తెలియదు కానీ, ఆయన మాత్రం నన్నెక్కించుకుని బయల్దేరుతున్నాడు. కాఫీ ఎక్కువగా కాచి ఉంచు.

ఆదివారం నీ తలుపు తట్టబోయే నీ వాగుడుకాయ,
అల్దీనా