ఆ ఒక్క ఓటు

అన్నా,

ఈరోజు కోట టౌన్లో మన పార్టీ ఆఫీసు ఖాళీ చేశాను. బోర్డు దించడానికి నేనొక్కడినే మిగిలాను. నువ్వు పోయి రేపటికి ఏడాది.

ఒకప్పుడు ఆ గదిలో కూర్చోవడానికి చోటుండేది కాదు. ఎవరి బతుకు వాళ్లది, ఎవరి ఓటు వాళ్లది అని నువ్వు ఊరూరా తిరిగి చెప్తే, రెండు ఊళ్లలో మనవాళ్లు సర్పంచులయ్యారు. నువ్వు అసెంబ్లీకి నిలబడినప్పుడు మాత్రం మా పల్లె పెద్దలు దురాయి కట్టుబాటు పెట్టారు. ఊరంతా ఒకే గుర్తుకు వేయాలి, మాట దాటిన ఇంటివాళ్లను సముద్రంలో వేటకు రానివ్వరు.

లెక్కింపులో మా బూత్‌లో నీకు పడింది ఒక్క ఓటు. డిపాజిట్టు పోయిన మనిషివి, నన్ను కావలించుకుని "నువ్వొక్కడివన్నా నిలబడినావు రా" అన్నావు. తర్వాత మనవాళ్లు ఒక్కొక్కరే పెద్ద పార్టీల్లోకి పోతున్నా, ఆ మాటే అందరికీ చెప్పుకున్నావు. నీ ఏజెంటుగా బూత్‌లో కూర్చున్న నేను దురాయికి భయపడి వాళ్ల గుర్తే నొక్కానని నీకు చెప్పలేదు. ఆసుపత్రిలో నీ మంచం పక్కన అన్ని రోజులున్నా చెప్పలేదు.

ఇవాళ బోర్డు దించుతుంటే, మా పల్లె పోలమ్మక్క ఎండుచేపల గంప కిందపెట్టి దగ్గరికొచ్చింది.

"ఆ ఓటు నేనేసినా అబ్బయా. ఊళ్లో ఎవురికీ చెప్పబాక" అంది. గంప మళ్లీ ఎత్తుకుంటూ, "అది నీ ఓటు కాదని ఆయనకన్నా తెలుసునా?" అని అడిగింది.

"తెలుసక్కా. నేనే చెప్పినా" అన్నాను.