సునీత అడిగిన మాట

ఆదివారం, ఎల్లారెడ్డి

తమ్ముడు ఆత్మహత్య చేసుకున్నాడని సంఘపెద్దలు సమాధి దగ్గర ప్రార్థన కూడా చేయలేదు. ఈ రోజు కామారెడ్డి నుంచి పాస్టరుగారు వచ్చారు. "నా కొడుకు నరకంల ఉన్నడా అయ్యా?" అని అమ్మ అడిగింది.

"లేడమ్మా. వాని బాధ ప్రభువుకు తెలుసు. ఆయన విడిచిపెట్టడు."

తమ్ముడు పోయాక ఈ రోజే అమ్మ కడుపునిండా అన్నం తిన్నది.

గిన్నెలు తోముతుంటే తమ్ముడి భార్య సునీత మెల్లగా అడిగింది. "వదినా, గట్లయితే నేను పోయినా విడిచిపెట్టడు గదా?"

చేతిలో గిన్నె కింద పెట్టాను. "చచ్చిపోదామనుకుంటున్నవా?" అని అడిగేశాను. తలూపింది. పాస్టరుగారికి ఫోన్ చేశాను. "ఒక్కదాన్నే ఉంచకు. పొద్దుగాల్నే వస్త, డాక్టరుకు చూపిద్దాం" అన్నారు.

ఇప్పుడు సునీత నా పక్కనే పడుకుంది, చెయ్యి పట్టుకునే రాస్తున్నాను. ప్రభువా, నువ్వు క్షమిస్తావని నమ్ముతున్నాను. ఆ మాట ఈ రాత్రి ఆమెతో అనాలంటేనే భయంగా ఉంది.