యాభైరెండు కిలోల్లో మొదటి స్థానం

పాపా,

నీకు చేరదని తెలిసే ఈ ఉత్తరం రాస్తున్నాను. నువ్వు పోయి ఈరోజుకు ఏడాది. పొద్దున మగ్గం ఆపి, నీ ఫోన్లో ఎంఎంఏ పోటీ చూశాను, అదే, గుద్దులూ కుస్తీ పట్లూ కలిసిన నీ ఆట. యాభైరెండు కిలోల విభాగంలో నీ లెక్క ప్రకారం నువ్వు మొదటి స్థానం ఇచ్చుకున్న అమ్మాయి ఓడిపోయింది.

ఎన్ని పోటీలు గెలిచారని కాదు, తమ బరువులో ఎదురు నిలిచే మనిషే లేకుండా చేసినవాళ్లే గొప్ప అనేదానివి. ఆదోనిలో సాధన ముగించుకుని ఎమ్మిగనూరుకు వచ్చిన ప్రతి సాయంత్రం ఇంట్లో అదే వాదన. నీదీ ఆ యాభైరెండు కిలోల బరువే.

జబ్బు ముదిరాక ఆసుపత్రిలో తూస్తే ముప్పైనాలుగు కిలోలున్నావు.

"నాయనా, ఈ బరువుకు పోటీలే లేవు. ఇంగ నాతో ఎవురు కొట్లాడతారు?" అని నవ్వావు. నేను కిటికీ వైపు తిరిగాను.

ఈరోజు పోటీ అయిపోయాక మీ అమ్మ నా పక్కకొచ్చి నిలబడింది. పొద్దున్నుంచి ఆమె మంచినీళ్లు కూడా ముట్టలేదు.

"మన పాప మెచ్చిన ఆయమ్మి గెల్సినాదా?" అని అడిగింది.

ఫోను బోర్లా పెట్టి, "గెల్సినాది" అన్నాను.

ఆమె కొంగుతో కళ్లు తుడుచుకుంది. "అట్లయితే రా, రోంత తిందాం" అంది.

మీ నాయన