మట్టి అంటని బూట్లు

సెప్టెంబర్ 27, శనివారం
తీర్మానం చేసేశాను. ఈసారి ఎల్క్ దుప్పుల వేటకి కొత్త బూట్లు. తేలిగ్గా ఉండాలి, చుక్క నీరు లోపలికి రాకూడదు. కొన్న మర్నాటి నుంచి రోజూ తెల్లారకముందే ఇంటి వెనక కొండెక్కి వాటిని కాలికి అలవాటు చెయ్యాలి.

పోయినేడాది పాత తోలు బూట్లు తడిసి బరువెక్కాయి. నా కోసం అందరూ ఆగారు, ఈలోగా మంద దాటిపోయింది. మా ఆవిడ వెర్నాకి అన్న హాల్వర్ అప్పుడే తేల్చేశాడు: "ఈసారి వెనకబడ్డావంటే గుడారం దగ్గర గరిటె నీదే, బావా."

గరిటె! ఇన్నేళ్ళు తుపాకీ పట్టిన చేతికి!

సెప్టెంబర్ 30
దొరికాయి! ఊళ్ళో దుకాణాలన్నీ తిరిగాను. కొన్ని మడమ దగ్గర వదులు, కొన్ని వేళ్ళు నొక్కేశాయి. ఇవి మాత్రం కాలికి ఉన్నాయో లేవో తెలీదు. నచ్చకపోతే నెలలోపు వాపసు తీసుకుంటారట. అడుగున మట్టి మాత్రం అంటకూడదట. రేపే కొండ!

అక్టోబర్ 1
తెల్లవారుజామునే లేచి గుమ్మం దాకా వెళ్ళాను. రాత్రి వాన, బయటంతా బురద. వాపసు సంగతి గుర్తొచ్చింది. తొందరపడి మట్టి అంటిస్తే ఎలా? ఇంట్లోనే నడుస్తాను. కార్పెట్ మీద నడిచినా నడకే.

అక్టోబర్ 6
కాలికి బలపం కట్టుకుని ఇంట్లో తిరుగుతున్నాను. హాలు, వంటిల్లు, మళ్ళీ హాలు. ఒక్క బొబ్బ లేదు! సోఫా వెనక దుప్పి కనబడితే తనకీ చెప్పమంది వెర్నా.

అక్టోబర్ 13
ఎడమ చిటికెనవేలు నొక్కుతోంది. లేక నొక్కుతోందని నా అనుమానమా? మార్చుకుని అరసైజు పెద్దవి తెచ్చుకోనా? ఈ ఆలోచనతో ఇవాళ నడక కుదరలేదు. నీళ్ళ పరీక్షకి స్నానాల తొట్టిలో నిలబడదామనుకున్నాను. తడిపినవి వెనక్కి తీసుకోకపోతే?

అక్టోబర్ 19
టీవీలో ఫుట్‌బాల్. బూట్లు వేసుకునే చూశాను. అదీ లెక్కే.

అక్టోబర్ 24
కొండ కింద గుడారం వేశాం. హాల్వర్ నా బూట్లు తిప్పి తిప్పి చూసి, ఇవి నడవడానికా, అద్దాల బీరువాలో పెట్టుకోవడానికా అని అడిగాడు. అడగనీ. రేపు చూస్తాడు.

అక్టోబర్ 25, మధ్యాహ్నం
గంటసేపు ఎక్కాం. రెండు మడమలూ బొబ్బలే. అరికాలి మంట నెత్తికెక్కింది. ఎదర వాలులో మంద మేస్తోంది, అందరూ నా కోసం ఆగారు.

వెర్నా తుపాకీ భుజాన సర్దుకుంది. "నువ్వు దిగిపో, ఆర్లో. రాత్రే బీన్స్ గింజలు నానబెట్టాను. మాడనివ్వకు."

రాత్రే నానబెట్టిందట. సిగ్గుతో ఏడుపొచ్చింది.

సాయంత్రం
వెర్నా పెద్ద ఆడదుప్పిని కొట్టింది! ఈ చలికాలం మాంసానికి కొదవ లేదు. నాకు గర్వంగా ఉంది, కుళ్ళుగానూ ఉంది.

నా బీన్స్ అందరూ రెండోసారి వడ్డించుకున్నారు. వచ్చే ఏడాదికీ గరిటె నాకే ఖాయం చేశాడు హాల్వర్. ఆ మాటకి అటు తిరగబోతే గరిటెడు బీన్స్ పులుసు బూటు మీద ఒలికింది. లోపలికి ఒక్క చుక్క దిగలేదు! దుకాణంవాడు చెప్పింది నిజమే.

మట్టీ పులుసూ అంటిన వీటిని ఇక ఎవరూ వాపసు తీసుకోరు. పీడా వదిలింది. వేట గడువు ఇంకా నెలరోజులుంది. రేపటి నుంచి రోజూ తెల్లారకముందే కొండ!

ఎల్లుండి నుంచి. బొబ్బలు మానాలిగా.